వాసన పోతే దిగొచ్చా?

సోమవారం పొద్దున నోటీసు బోర్డు మీద ఆ కాగితం చూసిన దగ్గర్నుంచీ స్టోరమ్మాయికి కాలు ఒకచోట నిలవలేదు. గురువారం మధ్యాహ్నం రెండింటికి పెద్ద సంపు శుభ్రం చేస్తారు, దిగేవాళ్లు నలుగురు, అందరికంటే ముందు ముక్కు మేస్త్రీ. అంతే రాసుంది. ఆ ముక్కు మేస్త్రీ ఈమెకి స్వయానా మేనమామ. అమ్మకి ఒక్కగానొక్క తమ్ముడు. నాన్న గుండెపోటుతో పోయినప్పుడు ఈమెకి నాలుగేళ్లు, అప్పటినుంచీ నాన్నైనా మావయ్యైనా ఆయనే, పెళ్లి గిళ్లి మాటెత్తితే నాకిద్దరు ఆడపిల్లలున్నారు, ఒకరు అక్క, ఒకరు మేనకోడలు అని నవ్వేసే మనిషి.

ఆ తోళ్ల ఫ్యాక్టరీలో ఈమె స్టోరు చూసుకుంటుంది. చేతి తొడుగులు, గమ్ బూట్లు, తాళ్లు, బకెట్లు, ఎవరికేం కావాలన్నా సంతకం పెట్టించుకుని కిటికీలోంచి ఇవ్వాలి. అందుకే పేరు ఎవరికీ గుర్తులేదు, పెద్దా చిన్నా అందరికీ స్టోరమ్మాయే.

సంపు అంటే నీళ్ల సంపు అనుకునేరు. తోళ్లని సున్నంలో నానబెడతారు, వెంట్రుకలు రాలడానికి ఒక ఘాటు మందులో వేస్తారు, ఆ తర్వాత ఆసిడ్ తొట్లు. కడిగిన నీళ్లన్నీ కాలవలోంచి షెడ్డు వెనక, రెండు నిలువుల లోతున్న ఆ సంపులో పడతాయి. ఆర్నెల్లకోసారి అడుగున మోకాలి లోతు బురద పేరుకుంటుంది, దాన్ని మనుషులు దిగి బకెట్లతో ఎత్తాలి.

దిగడానికి అక్కడ ఒకటే పద్ధతి. మూత తీస్తారు. కుళ్లిన గుడ్ల కంపు గుప్పున లేస్తుంది, అందరూ నాలుగడుగులు వెనక్కి పోతారు. ఓ అరగంట అలా వదిలేస్తారు. తర్వాత మావయ్య ఒక్కడే నిచ్చెన మీద మూడు మెట్లు దిగి, మొహం లోపలికి వంచి, ఊపిరి పీలుస్తూ నిలబడతాడు. కంపు ఆగిపోయేదాకా అలాగే ఉంటాడు. ఆగగానే చెయ్యి పైకెత్తి చిటికేస్తాడు. చిటికె పడిందా, లోపల శుభ్రం, దిగొచ్చు. ఇరవై ఆరేళ్లుగా ఇదే చట్టం.

ఆ ముక్కుని ఆయన పోషించుకునే తీరు చూస్తే, గాయకులు గొంతుని కూడా అంత గారాబం చెయ్యరేమో అనిపిస్తుంది. సెంటు సబ్బు వాడడు. నశ్యం ముట్టడు. సంపు పని రెండ్రోజులుందనగా ఉల్లిపాయ మానేస్తాడు, పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటాడు. పక్కింటి పొయ్యి మీద పాలు పొంగబోతున్నాయని పొంగకముందే కేకేసి చెప్తాడు. మీ తమ్ముడి దగ్గర అబద్ధం ఆడినా వాసనొచ్చేస్తుందమ్మా అని వీధిలో వాళ్లు అమ్మని ఏడిపిస్తుంటారు.

మరి ఇన్నాళ్లూ లేని భయం ఇప్పుడెందుకు? పోయినసారి వల్ల. పోయినసారి మూత తీసినప్పుడు తాళ్లు అప్పజెప్పడానికి స్టోరమ్మాయి కూడా వెళ్లింది. పది బారల దూరంలో చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడినా ఆగక ఇంకో మడత వేసుకుంది. అప్పుడు మావయ్య మూడు మెట్లు దిగాడు, వంగాడు, గట్టిగా ఓ పది లెక్కపెట్టేలోపు చిటికేశాడు. ఈసారి తొందరగా పోయిందిరోయ్ అని కూడా అన్నాడు. కానీ ఆమెకి పోలేదు. ఆమె ముక్కుకి కంపు కొడుతూనే ఉంది, అంత దూరంలో కూడా. సంపు నోట్లో ఉన్నవాడికి పోయిన వాసన ఇంత దూరంలో ఉన్న నాకెలా వస్తోంది? ఈ ప్రశ్న ముల్లులా దిగిపోయింది. ఆ సాయంత్రం మావయ్య రెండుసార్లు వాంతి చేసుకుని, ఎండదెబ్బ అని పడుకున్నాడు. ఆ రోజు ఎండే లేదు.

దానికితోడు ఆసిడ్ తొట్ల కాలవ ఒకప్పుడు వేరేగా ఉండేది, పోయినేడాది దాన్ని కూడా తెచ్చి ఈ సంపులోకే కలిపారు. కంపు అప్పటినుంచే పెరిగిందని అందరికీ తెలుసు. పెరిగిన కంపు తొందరగా ఎందుకు పోతోందని మాత్రం ఎవరూ అడగలేదు.

ఆమె అడిగింది. మొదట మేనేజర్ని. మేనేజరు చెడ్డవాడేం కాదు, ఇంకా చెప్పాలంటే భయస్తుడు, భద్రతా శాఖ పేరు చెబితే లేచి నిలబడే రకం. ఆయన బల్ల సొరుగులోంచి ఆ శాఖ వాళ్ల పుస్తకం తీసి, గీత గీసిపెట్టుకున్న వాక్యం చూపించాడు. దిగేముందు లోపల అపాయకరమైన వాయువులు లేవని సమర్థుడైన వ్యక్తి నిర్ధారించాలి. సమర్థుడైన వ్యక్తి అంటే ఎవరని ఆయన అప్పట్లోనే ఫోన్ చేసి అడిగాడట, తగిన అనుభవం, జ్ఞానం ఉన్నవాళ్లు అని చెప్పారట. ఇరవై ఆరేళ్ల అనుభవం మన మేస్త్రీకి కాక ఇంకెవరికుందమ్మా అన్నాడు. రిజిస్టర్లో మావయ్య సంతకాలు చూపించాడు, 'సమర్థ వ్యక్తి' అని ప్రతిదాని పక్కనా అచ్చు ఉంది. చొక్కాకి పెట్టుకోడానికి బ్యాడ్జీ కూడా చేయించాడు. మావయ్య ఆ బ్యాడ్జీ కోసం చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు.

అంటే ఏమైందో చూశారా, ప్రభుత్వం చెప్పిన సలహానే వీళ్లు అక్షరం పొల్లుపోకుండా పాటిస్తున్నారు. పాటించి పాటించి ఒక మనిషి ముక్కుని గోతి మీద కాపలా పెట్టారు.

మరి అదే ప్రభుత్వం ముక్కు చాలదు అని ఒక్క మాట చెప్తే? మేనేజరు వింటాడు, వినక చస్తాడా. స్టోరమ్మాయి మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తియ్యకుండా శాఖ వాళ్ల హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిపింది. ఫిర్యాదుకి ఒకటి, సలహాకి రెండు. రెండు నొక్కింది. ఈ కాల్ రికార్డు అవుతోంది అంది మిషను. పావుగంట సంగీతం. తర్వాత ఓ సన్నటి గొంతు, ఈమె కంటే చిన్నదేమో, నమస్కారం మేడమ్ అంటూ వచ్చింది.

ఈమె ఉన్నదున్నట్టు మొత్తం చెప్పింది. అడిగింది ఒకటే, వాసన పోతే దిగొచ్చా, దిగకూడదా. ఆ గొంతు ఏదో చదువుతున్నట్టు చెప్పుకుపోయింది, పని ప్రదేశంలో ప్రమాదాన్ని అంచనా వేసుకుని, తగిన చర్యలు తీసుకుని, తగిన వ్యక్తి పర్యవేక్షణలో.

"ఆ తగిన చర్యలేంటో చెప్పండి," అంది స్టోరమ్మాయి.

"అది మీ యాజమాన్యం నిర్ణయించుకోవాలి మేడమ్."

"మా యాజమాన్యం మా మావయ్య ముక్కుని నిర్ణయించుకుంది."

అవతల కాసేపు టకటకా ఏదో కొట్టిన చప్పుడు. "మేడమ్, నా స్క్రీన్ మీద ముక్కు గురించి ఏమీ లేదు."

రాతపూర్వకంగా కావాలంటే పదిహేను పనిదినాలు పడుతుందంది. గురువారం పనిదినాల్లో మూడోది. స్టోరమ్మాయి ఫోన్ పెట్టేసి, ఆ అమ్మాయి పంపిన నలభై ఆరు పేజీల పుస్తకాన్ని ఫోన్లోనే తెరిచి 'వాసన' అని వెతికింది. ఒక్కటంటే ఒక్కచోట దొరికింది. వాయువులను గుర్తించడానికి వాసనపై పూర్తిగా ఆధారపడరాదు. ప్రాణం లేచొచ్చింది. పరుగున మేనేజరు దగ్గరికెళ్లింది. ఆయన ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, మనం పూర్తిగా ఆధారపడట్లేదు కదమ్మా, అరగంట మూత కూడా తీసి పెడుతున్నాం అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అలా అర్థమైంది ఆయనకి. ఆ 'పూర్తిగా' అన్న మాట రాసినవాణ్ని స్టోరమ్మాయి ఎన్ని తిట్లు తిట్టుకుందో.

మంగళవారం సెలవు పెట్టి భద్రతా శాఖ ఆఫీసుకే పోయింది. మూడో అంతస్తు, లిఫ్టు పనిచెయ్యదు, మెట్ల దగ్గర 'భద్రతే మొదటి మెట్టు' అని బోర్డు, దాని కిందే విరిగిన మెట్టు. టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చుంటే ఓ కళ్లజోడు ఆఫీసరు ముందు కూర్చోబెట్టారు. ఆయన మర్యాదగానే విన్నాడు. మంచినీళ్లు కూడా ఇప్పించాడు. విన్నాక అడిగాడు, "ప్రమాదం జరిగిందా?"

"ఇంకా లేదండి."

"జరగలేదంటే అత్యవసరం కిందకి రాదమ్మా."

గురువారం మూడింటికి వస్తే వస్తుందేమో అనుకుంది గానీ పైకి అనలేదు. ఫిర్యాదు ఇస్తే నలభై అయిదు రోజుల్లో తనిఖీ. ఇచ్చింది. సలహా మాత్రం మీరు ఇప్పుడే చెప్పండి, ఒక కాగితం మీద ముక్కు చాలదు అని రాసి ముద్రెయ్యండి చాలు అంది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఒకప్పుడు తను కూడా అలా రాసిచ్చేవాడట. ఒకాయనకి నిచ్చెన గురించి నాలుగు ముక్కలు సూటిగా రాసిచ్చాడు, వాళ్లు సగం పాటించి సగం వదిలేశారు, ఒకడు పడిపోయాడు, మీ ఆఫీసరే రాసిచ్చాడుగా అని ఈయన్ని మూడేళ్లు కోర్టు చుట్టూ తిప్పారు. అప్పటినుంచీ ఆయన కలంలోంచి 'తగిన' తప్ప ఇంకో మాట రాలేదు. నీ భయం నాకర్థమైంది తల్లీ, నా భయం కూడా నువ్వు అర్థం చేసుకో అన్నాడు. అర్థమైంది. అదే ఆమెకి ఏడుపు తెప్పించింది. అరవడానికి ఒక దుర్మార్గుడు కూడా దొరకలేదు ఆ బిల్డింగులో.

బుధవారం మళ్లీ వెళ్లింది. ఏమడగాలో తెలీదు, ఎవర్ని అడగాలో తెలీదు, ఇంట్లో మావయ్య ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటుంటే చూస్తూ ఉండలేక వెళ్లిందంతే. వరండాలో అటూ ఇటూ తిరుగుతుంటే చివర ఒక గది కనపడింది, లోపల గాజు బీరువాల నిండా పసుప్పచ్చ రంగు మీటర్లు, ఓ పెద్దాయన ఒక్కోదాన్ని తుడిచి సరిచూసి పెడుతున్నాడు. ఇవేంటండీ అంది. గ్యాసు కొలిచే మీటర్లన్నాడు.

అంతే, గుమ్మంలోనే నిలబడి గడగడా చెప్పేసింది. మీటర్లాయన చేతిలో గుడ్డ అలాగే పట్టుకుని విన్నాడు. పది లెక్కపెట్టేలోపు పోయింది అన్న దగ్గర ఆయన మొహం మారిపోయింది.

"వాసన పోలేదమ్మా," అన్నాడు. "ముక్కు పోయింది. ఆ గ్యాసు కొంచెం ఉంటే కంపు కొడుతుంది. బాగా ఉంటే ముందు ముక్కుని చంపుతుంది, తర్వాత మనిషిని. దూరంగా ఉన్నావు కాబట్టి నీ ముక్కు ఇంకా బతికుంది."

మూడు రోజులుగా ఆఫీసు మాటలు రాళ్లలా నములుతూ తిరుగుతున్నదానికి ఆ మాట ఎంత సూటిగా తగిలిందంటే అక్కడే గోడకి ఆనుకుంది. ఆయన ఆగకుండా చెప్పాడు, అది బరువైన గ్యాసు, గోతి అడుగునే కూర్చుంటుంది, మూత తీసినంత మాత్రాన పోదు, బురద కదిపితే ఇంకా లేస్తుంది, ఆసిడ్ కలిస్తే మరీనూ. అయ్యా, ఇది ఒక కాగితం మీద రాసివ్వండి అంది. ఆయన తల అడ్డంగా ఊపాడు, తను సలహా ఇచ్చే హోదాలో లేడట, మీటర్లు తుడిచే హోదా. మీటరొకటి ఇవ్వండి, రేపు సాయంత్రానికి తెచ్చిస్తా అంది. దానికి ముగ్గురి సంతకాలు కావాలి, ఒకాయన ఊళ్లో లేడు.

వెళ్లబోతుంటే వెనక్కి పిలిచి, ఆ సంపులో ఇంతకుముందు ఎవరైనా పోయారా అని అడిగాడు.

లేదండి అనబోయి ఆగిపోయింది. మా నాన్న పోయాడు గానీ అది గుండెపోటండి, దిగిన కాసేపటికే వచ్చింది అంది. మీటర్లాయన తల దించుకుని, తుడిచిన మీటర్నే మళ్లీ తుడవడం మొదలుపెట్టాడు.

బస్సులో కూర్చున్నాక గానీ నాన్న సంగతి ఆమె బుర్రకి పూర్తిగా ఎక్కలేదు. ఎక్కాక దిగాల్సిన స్టాపు దాటిపోయింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ పక్కింట్లో ఉంది. మావయ్య మంచమ్మీద కూర్చుని చొక్కా మడతపెట్టుకుంటున్నాడు. ఆమె మీటర్లాయన చెప్పిందంతా చెప్పింది, నాన్న మాట తప్ప. నోరు రాలేదు. మావయ్య మొదట నవ్వాడు. ఎవడమ్మా ఆయన, పేరుందా, ముద్రుందా, దార్నపోయేవాడు ఏదో అంటే ఇరవై ఆరేళ్ల ముక్కు అబద్ధమైపోద్దా అన్నాడు. ఆమె వాదించింది. ఆయన గొంతు పెంచాడు. ఈమె ఇంకా పెంచింది, పోయినసారి నాకు కంపు కొడుతూనే ఉంది, నీకెలా పోయింది చెప్పు అని నిలదీసింది.

మావయ్య మడతపెట్టిన చొక్కా విప్పి మళ్లీ మడతపెట్టాడు. చాలా మెల్లిగా అన్నాడు.

"ఆ రోజు కూడా తొందరగానే పోయిందే."

ఏ రోజని ఆమె అడగలేదు.

"మీ నాన్న నా వెనకే ఉన్నాడు. ఏరా బావమరిదీ, ఇంకా ఎంతసేపు పీలుస్తావు, అదేమన్నా మల్లెపూల తోటా అన్నాడు. నేను చిటికేశా. నవ్వుకుంటూ దిగాడు." ఆయన చూపు నేలమీదే ఉంది. "నువ్వు చెప్పేది నిజమైతే, నా బావని నేనే దింపాను. కాబట్టి అది నిజం కాదు. రేపు దిగి చూపిస్తా నీకు. ఈ ముక్క మీ అమ్మ చెవిన పడిందో, చూడు మరి."

అప్పుడర్థమైంది స్టోరమ్మాయికి, తను మూడ్రోజులుగా తలుపు అనుకుని తోస్తున్నది గోడ. మావయ్య దిగుతున్నది మొండితనం వల్లో, బ్యాడ్జీ మీద మోజు వల్లో కాదు. తన ముక్కు నిజమని నిరూపించుకోడానికి దిగుతున్నాడు. దిగి బతికొస్తే బావని చంపనట్టు. దిగి చస్తే, ఆ లెక్క ఆయన ఎప్పుడో సరిపెట్టుకున్నట్టుంది. ఇలాంటివాణ్ని ఏ ముద్ర ఆపుతుంది? ఇంతలో అమ్మ రానే వచ్చింది, ఏంటిద్దరూ అలా బిగుసుకుపోయారు, మళ్లీ టీవీ చానెల్ దగ్గర తగువా అంది. అవునక్కా అన్నాడు మావయ్య.

గురువారం రెండింటికి పది నిమిషాల ముందు మూత తీసే ఉంది. అరగంట ఆగడం అయిపోవచ్చింది. దిగే ముగ్గురు గమ్ బూట్లేసుకుని గోడ పక్కన నిలబడి జోకులేసుకుంటున్నారు, మేనేజరు రిజిస్టరు చంకలో పెట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు. స్టోరమ్మాయి తాళ్లు ఇవ్వనని తాళంచెవి పారేసింది, వాళ్లు తాళం పగలగొట్టి తెచ్చుకున్నారు. నిచ్చెనకి అడ్డంగా నిలబడింది, మావయ్యే రెక్క పుచ్చుకుని పక్కకి జరిపాడు, చిన్నప్పుడు రోడ్డు దాటించినట్టు, అంతే మెత్తగా. జేబులో ఫోను తప్ప ఇంక చేతిలో ఏమీ మిగల్లేదు. ఫిర్యాదు కాదు, సలహా. రెండు నొక్కింది. స్పీకర్ పెట్టింది.

సంగీతం. షెడ్డు వెనక ఆ కంపులో, ఆ సంగీతం. ఒకడు తలాడించాడు కూడా, బాగుందే పాట అని. మావయ్య మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. రెండోది. అప్పుడు వచ్చింది ఆ సన్నటి గొంతు, నమస్కారం మేడమ్ అని. స్టోరమ్మాయి నోట్లోంచి ముక్కు అన్న ఒక్క మాటే వచ్చింది. అవతలి అమ్మాయి గుర్తుపట్టేసింది, సోమవారం ముక్కు గురించి అడిగినవారేనా మేడమ్ అంది.

"ఆయన దిగుతున్నాడు," అంది స్టోరమ్మాయి. "ఇప్పుడే. నిచ్చెన మీదున్నాడు."

అవతల గొంతు మొదలుపెట్టింది, మేడమ్, పని ప్రదేశంలో ప్రమాదాన్ని అంచనా వేసుకుని. మేనేజరు చూశావా అన్నట్టు తల ఊపాడు. తగిన చర్యలు అనే దాకా వచ్చి ఆ గొంతు ఆగిపోయింది. ఇంక రాలేదు. ఫోన్ కట్టయిందేమో అనుకున్నారు.

"ఆయనకి ఫోనివ్వండి," అంది.

స్టోరమ్మాయి వంగి ఫోను మావయ్య మొహం దగ్గర పెట్టింది. మావయ్య రెండో మెట్టు మీదే ఆగాడు. ప్రభుత్వం వాళ్లు ఫోన్లో ఉంటే నిలబడి మాట్లాడాలనే మనిషి, నిచ్చెన మీద కూడా వీపు నిటారుగా పెట్టాడు. చెప్పమ్మా అన్నాడు. తన పేరు, హోదా, సర్వీసు చెప్పుకున్నాడు. చెప్పాక ఆయనే అడిగాడు, మూడు రోజులుగా ఆమె అడుగుతున్నదే, మొదటిసారి ఆయన నోటితో.

"నాకు వాసన ఆగిపోయిందనుకో తల్లీ. దిగొచ్చా?"

"దిగొద్దు," అంది ఆ గొంతు.

అందరూ విన్నారు. గోడ పక్కన నవ్వులు ఆగిపోయాయి.

"దిగొద్దండి. వాసన ఆగిపోవడమే ప్రమాదం. మీరే కాదు, మీటరు పెట్టి చూడకుండా ఎవరూ దిగొద్దు. మీరు ఇప్పుడున్న చోట కూడా ఉండొద్దు, పైకి వచ్చెయ్యండి." ఆ అమ్మాయికి ఊపిరి అందనట్టుంది. "సోమవారం మేడమ్ అడిగాక నేను లోపల నలుగుర్ని అడిగాను. అందరికీ తెలుసు. చెప్పకూడదన్నారు. ఈ కాల్ రికార్డు అవుతోంది, నాకు తెలుసు. నా నంబరు నూట పద్నాలుగు. రాసుకోండి, ఎవరైనా అడిగితే నూట పద్నాలుగు చెప్పిందనండి."

మేనేజరు రిజిస్టరు అట్ట మీదే రాసుకున్నాడు. మావయ్య మాత్రం కదల్లేదు. ఆ రెండో మెట్టు మీదే నిలబడి, పైకీ రాక, కిందకీ పోక, కళ్లు సంపులోకి పెట్టి ఉన్నాడు. దిగేస్తాడు అనుకుంది స్టోరమ్మాయి. నిజం తెలిసింది కాబట్టే దిగేస్తాడు అనుకుంది. మావయ్యా అని పిలవాలన్నా భయమే, ఏ మాటకి ఎటు తూలతాడో. చొక్కా కాలరు వెనక నుంచి రెండు చేతులా పట్టుకుని కూర్చుండిపోయింది.

ఫోన్లో గొంతు, వచ్చేశారా అండీ, పైకి వచ్చేశారా అని అడుగుతూనే ఉంది. వచ్చేశానని చెప్పేదాకా నేను ఫోన్ పెట్టను, నా వెనక ఇంకా పదకొండు కాల్స్ ఉన్నాయి, అయినా పెట్టను అంది. చిన్నపిల్ల మొండితనం లాంటిదేదో ఉంది ఆ గొంతులో.

"వస్తున్నానమ్మా," అన్నాడు మావయ్య చివరికి. "నీ కాల్స్ చూసుకో." పైకొచ్చాడు.

నాలుగింటికి మేనేజరు ఎక్కడో సామాన్లు అద్దెకిచ్చే షాపు నుంచి మీటరొకటి తెప్పించాడు. ఆ షాపతను తాడుకి కట్టి లోపలికి వదలబోయాడు. అంత దూరం కూడా పోలేదు, సంపు అంచు దాటిందో లేదో అది అరవడం మొదలుపెట్టింది, చెవులు చిల్లులు పడేట్టు. దాని ఎర్ర లైటు చూసి ముగ్గురు కూలీలు గమ్ బూట్లతోనే షెడ్డు ముందుకి పరిగెత్తారు. మేనేజరు తల పట్టుకుని షెడ్డు మెట్టు మీద కూలబడ్డాడు. పైకి లాగాక కూడా ఆ మోత ఇంకా కాసేపు ఆగలేదు.

మావయ్య దూరంగా, స్టోరు గోడకి ఆనుకుని విన్నాడు. ఇంకోసారి వదలమన్నాడు. షాపతను వదిలాడు. మళ్లీ అరిచింది. ఇంకోసారి అన్నాడు. మూడోసారికి స్టోరమ్మాయి అడ్డుపడి, చాలు మావయ్యా అంది. ఇరవై ఆరేళ్లలో ఆయన ఎన్నిసార్లు చిటికేశాడో ఆ వేళ్లని ఇంకో చేత్తో గట్టిగా పట్టుకున్నాడు, అవి తనవి కానట్టు.

నిన్ను కాపాడుకున్నా అని ఆమె అనుకోవాలి కదా. అనుకోలేకపోయింది. మనిషి పైకొచ్చాడు, అంతే. పైకొచ్చినవాడు ఇంక ఏం పట్టుకుని బతుకుతాడో ఆ నలభై ఆరు పేజీల్లో ఎక్కడా లేదు, నూట పద్నాలుగుకి కూడా తెలీదు.

షిఫ్టు బెల్లు కొట్టకముందే ఆయన బయల్దేరాడు. చేతులు కడుక్కోలేదు, చెప్పులు మార్చుకోలేదు. ఎక్కడికని వెనకే పరిగెత్తింది స్టోరమ్మాయి.

"ఇంటికి. అక్కకి చెప్పాలి."

"ఇవాళొద్దు మావయ్యా. రేపు చెబుదాం. ఇద్దరం కలిసి చెబుదాం."

"ఇరవై ఒక్కేళ్లు అయింది. ఇవాళ చెప్పకపోతే రేపు మళ్లీ చెప్పలేను నేను."

గేటు దాటాక ఆయన ఇంకా వేగం పెంచాడు. బస్సు కోసం కూడా ఆగలేదు, రోడ్డు పట్టి నడిచేస్తున్నాడు. ఆమె పక్కకి చేరి రెక్క పుచ్చుకుంది. విడిపించుకోలేదు. అమ్మ ఈపాటికి పొయ్యి వెలిగించి ఉంటుంది. ఏమంటుందో, అసలు ఏమీ అనదో, తమ్ముడి మొహం ఇంక చూస్తుందో లేదో. నోట్లో మాట కూడబెట్టుకుంటున్నట్టు మావయ్య పెదాలు కదులుతున్నాయి. వీధి మలుపు దగ్గర ఒక్కసారి ఆగి, ముందు ఎలా మొదలుపెట్టాలే అని అడిగాడు. ఆమెకి తెలీలేదు. చెయ్యి వదల్లేదు గానీ, తెలీలేదు.